ఆన్‌లైన్ షాపులో సెర్చ్: 'బెల్లం' అడిగితే 'అల్లం' చూపించకుండా ఉండాలంటే

ఆన్‌లైన్ షాపు పెట్టేవాళ్లు బ్యానర్లకీ ఫోటోలకీ పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా సెర్చ్ బాక్సుకి పెట్టరు. థీమ్‌తో పాటు ఒకటి వచ్చింది కదా, ఉందిలే అని వదిలేస్తారు. కానీ ఆ బాక్సులో టైప్ చేసే మనిషి ఊరికే చూసిపోదామని వచ్చినవాడు కాదు, ఏం కావాలో తెలిసి వచ్చాడు. అతనికి 'ఏమీ దొరకలేదు' అని చూపిస్తే, సరుకు మీ గోడౌన్‌లో ఉన్నా లేనట్టే లెక్క.

ఈ గైడ్‌కి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. పచ్చళ్లు, పొడులు, పప్పులు, పిండివంటలు అమ్మే తెలుగు షాపు, కొనేవాళ్లు వరంగల్ నుంచీ విశాఖ నుంచీ డాలస్ నుంచీ వస్తారు. చీరలు అమ్మినా, మొక్కలు అమ్మినా పద్ధతి ఇదే, మాటలు మారతాయంతే. ఇంకో మాట, మీ షాపులో మొత్తం ముప్పై నలభై ఐటమ్‌లే ఉంటే ఇదంతా అక్కర్లేదు, కేటగిరీలు చక్కగా పెట్టుకోండి చాలు.

ముందు జనం ఏం టైప్ చేస్తున్నారో చూడండి

సాఫ్ట్‌వేర్ మార్చే ముందు చేయాల్సిన పని ఇది. గూగుల్ అనలిటిక్స్‌లో సైట్ సెర్చ్ ట్రాకింగ్ ఆన్ చేసుకుంటే జనం ఏ మాటలు వెతికారో వస్తుంది, లేదా మీ డెవలపర్‌కి చెప్పి వెతికిన మాట, ఎన్ని ఫలితాలు వచ్చాయి, దేని మీద నొక్కారు అనే మూడు సంగతులూ ఒక టేబుల్‌లో దాచమనండి. పేర్లూ ఫోన్ నంబర్లూ అందులో దాచొద్దు, అవసరం లేదు. కొన్ని వారాలు పోగయ్యాక లిస్టు తీసి, ఎక్కువసార్లు వెతికిన మాట పైన ఉండేలా పేర్చి, సున్నా ఫలితాలు వచ్చినవాటికి ఎర్ర రంగు వేయండి.

అప్పుడు కనిపించేది ఇంచుమించు ఇలా ఉంటుంది. కొన్ని మాటలు తెలుగు లిపిలో, చాలా మాటలు తెలుగే కానీ ఇంగ్లీషు అక్షరాల్లో, కొన్ని పూర్తి ఇంగ్లీషులో, కొన్ని హిందీలో. ఒకే కందిపప్పుని ఒకరు కందిపప్పు అంటారు, ఒకరు తూర్ దాల్ అంటారు, ఇంకొకరు అర్హర్ దాల్ అంటారు. మధ్యలో సరుకే కాని మాటలు కూడా వస్తాయి: 'షిప్పింగ్', 'ఆర్డర్ ఎక్కడుంది', 'అమెరికాకి పంపుతారా'. వీటికి సరుకుల జాబితా చూపించకండి, నేరుగా ఆ సమాచారం ఉన్న పేజీకి పంపించండి. ఇది గంట పని, ఫలితం ఆ రోజు నుంచే కనిపిస్తుంది.

తర్వాత సరుకు వివరాలు బాగుచేయండి

సెర్చ్ ఇంజిన్ ఎంత గొప్పదైనా మీరు రాయని మాటని వెతికి తేలేదు. టైటిల్‌లో 'స్పెషల్ నాటు ఘాటు కాంబో' అని రాసి, అందులో ఉన్నది గోంగూర పచ్చడి అని ఎక్కడా రాయకపోతే ఎవరికి దొరుకుతుంది? టైటిల్‌లో మొదట సరుకు పేరు, తర్వాత రకం, చివర బరువు. మిగతా పొగడ్తలన్నీ వివరణలో రాసుకోండి.

ప్రతి ఐటమ్‌కీ పేజీలో కనపడకుండా సెర్చ్‌కి మాత్రమే పనికొచ్చే ఒక ఫీల్డు పెట్టుకోండి, దాని పేరు 'ఇతర పేర్లు'. ఇంకా విడివిడి లక్షణాలు కూడా: బరువు, వెల్లుల్లి ఉందా లేదా, ఏ నూనె, కారం ఎంత, ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది. వీటిని వివరణలో ఎక్కడో ఒక వాక్యంలో కలిపేయకుండా విడివిడి గళ్లలో నింపాలి, ఎందుకంటే తర్వాత ఫిల్టర్లకి పనికొచ్చేవి ఇవే.

వెల్లుల్లి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 'వెల్లుల్లి లేని ఆవకాయ' అని వెతికితే మామూలు సెర్చ్ ఏం చేస్తుంది? వెల్లుల్లి, ఆవకాయ అనే మాటలు పట్టుకుని వెల్లుల్లి ఆవకాయని తెచ్చి అన్నిటికన్నా పైన పెడుతుంది! 'లేని', 'లేకుండా', 'వితౌట్', 'నో' అనే మాటల అర్థం దానికి తెలియదు. కాబట్టి ఇలాంటి మాటలు కనబడగానే వాటిని వెతికే మాటల్లోంచి తీసేసి ఫిల్టర్‌గా మార్చే ఒక చిన్న నియమం రాయించుకోండి. ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు, వాళ్లకి సరిగ్గా అది దొరికితే మళ్లీ మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు

అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. కిరాణా కొట్టు ఆయన్ని పుంటికూర అడిగినా గోంగూర అడిగినా ఒకే కట్ట తీసి ఇస్తాడు, మీ సైట్‌కి ఆ తెలివి మీరే నేర్పాలి. జంతికలు, మురుకులు ఒకచోట కలపాలి. కజ్జికాయలని తెలంగాణలో గరిజెలంటారు. మరమరాలు రాయలసీమకి వెళ్తే బొరుగులు. పల్లీలు, వేరుశనగ గుళ్లు ఒకటే. వెల్లుల్లికి ఎల్లిగడ్డ, సొరకాయకి ఆనపకాయ. బొబ్బట్లని భక్ష్యాలు, పోలెలు, ఓళిగలు అని ఎవరి ఊరి పేరుతో వాళ్లు అడుగుతారు. ఇవన్నీ పర్యాయపదాల లిస్టులో వేయండి, ఇంగ్లీషు హిందీ పేర్లతో సహా.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కొన్ని పేర్లు రెండువైపులా సమానం: కందిపప్పు అన్నా తూర్ దాల్ అన్నా ఒకటే. కొన్ని ఒకవైపే పనిచేయాలి: 'ఊరగాయ' అని వెతికితే ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరి అన్నీ రావాలి, కానీ 'మాగాయ' అని వెతికినవాడికి ఉన్న ఊరగాయలన్నీ కుమ్మరించకూడదు. రెండో రకాన్ని మొదటి రకంగా పెట్టేశారంటే ఏం వెతికినా అన్నీ వస్తాయి, అప్పుడు సెర్చ్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

మూడో రకం ప్రమాదకరమైనది, దగ్గరివే కానీ ఒకటి కానివి. పెసలు వేరు, పెసరపప్పు వేరు. మినుములు వేరు, మినపప్పు వేరు. శనగపప్పు, పుట్నాల పప్పు రెండింటినీ చనా దాల్ కింద కలిపేస్తే, చట్నీకి పుట్నాలు కావాల్సినవాళ్లకి పచ్చి శనగపప్పు పార్సిల్ వెళ్తుంది. వంట తెలియని కుర్రాడితో ఈ లిస్టు తయారుచేయించకండి (ఏఐ చాట్‌తో చేయించినా సరే, వంట తెలిసినవాళ్లు ఒకసారి చదవాలి).

లిపి గొడవలు

తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి ఒక్క పద్ధతంటూ లేదు. పూతరేకులు తీసుకోండి, 'పూ'కి కొందరు రెండు ఓలు వేస్తారు, కొందరు ఒక్క యు వేస్తారు. 'త'కి ఒకరు ఒట్టి టి, ఒకరు టి పక్కన హెచ్. అన్నీ కరెక్టే. ఈ రకాలన్నీ పర్యాయపదాల లిస్టులో చేర్చడం మొదలుపెడితే జీవితకాలం సరిపోదు, దానికి బదులు ఒక చిన్న శుద్ధి నియమం పెట్టుకోండి: రెండు ఏలు ఉంటే ఒకటి చేయాలి, రెండు ఈలు ఉంటే ఐ, రెండు ఓలు ఉంటే యు, టి పక్కన హెచ్ ఉంటే హెచ్ తీసేయాలి, డి పక్కన కూడా అంతే, డబ్ల్యూని వి చేయాలి, ఒకే హల్లు రెండుసార్లు వస్తే ఒక్కసారే ఉంచాలి. ఈ శుద్ధి సరుకు పేర్లకీ చేయాలి, వెతికిన మాటకీ చేయాలి. ఒకవైపే చేస్తే ఏదీ కలవదు. ఇది పెట్టాక పూతరేకులు ఎలా రాసినా ఒకే రూపానికి వస్తుంది, తూర్ దాల్‌లో తూర్‌ని యుతో రాసినా రెండు ఓలతో రాసినా తేడా ఉండదు. ఆవకాయ చివర 'వై ఏ' రాసేవాళ్లూ 'ఐ' రాసేవాళ్లూ మాత్రం ఈ నియమానికి లొంగరు, అలాంటి నాలుగైదు చేత్తో చేర్చుకోవాలి. అసలు స్పెల్లింగ్‌ని పారేయకండి, దాన్ని వేరే ఫీల్డులో ఉంచి, అచ్చంగా కలిసినదానికి ఎక్కువ మార్కులు ఇవ్వండి.

తెలుగు లిపిలో వచ్చే తంటాలు వేరు. శనగపిండి, శెనగపిండి, సెనగపిండి మూడూ వాడుకలో ఉన్నాయి. పళ్లు, పళ్ళు, పండ్లు కూడా. కందిపప్పు కలిపి రాసేవాళ్లూ ఉన్నారు, కంది పప్పు అని విడగొట్టేవాళ్లూ ఉన్నారు, ఫోన్‌లో మైక్ నొక్కి మాట్లాడితే అది ఎక్కడ విడగొడుతుందో చెప్పలేం. పక్కపక్క మాటలని కలిపిన రూపం కూడా ఇండెక్స్‌లో (సెర్చ్ వెతుక్కునే మాటల పట్టికలో) పెట్టమనండి, డెవలపర్లు దీన్ని షింగిల్ అంటారు. పొల్లు తర్వాత కంటికి కనపడని 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే కోడ్ ఒకటి కూర్చుని ఉంటుంది కొన్నిసార్లు, కంప్యూటర్‌కి దానితో ఉన్న మాటా అది లేని మాటా వేరు, కాబట్టి వెతికేముందు రెండువైపులా తీసేయాలి.

బహువచనం సంగతి. 'లు' తీసేస్తే సరిపోతుందిలే అనుకుంటారు. అరిసెలు అరిసె అవుతుంది, బాగానే ఉంది. వడియాలు 'వడియా' అయి కూర్చుంటుంది, అది వడియంతో కలవదు. పాలు 'పా' అవుతుంది! అప్పడాలు, సకినాలు, వడియాలు లాంటివాటికి చివరి 'ఆలు'ని 'అం' చేసే నియమం వేరే కావాలి, పాలు, నువ్వులు, ఆవాలు లాంటివి ముట్టుకోకూడని మాటలుగా ఒక లిస్టులో పెట్టాలి. పిండివంటల షాపుకి ఈ లిస్టు పెద్దది కాదు, ఒక పూట కూర్చుంటే అయిపోతుంది.

తప్పులు సర్దుకోవడం, కానీ హద్దులో

టైపింగ్ తప్పుల్ని సర్దుకునే సెర్చ్‌లు చాలావరకు ఒకే లెక్క వాడతాయి: ఒక మాటని ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు మార్చాలి, చేర్చాలి, తీయాలి అని. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ సడలింపుని 'ఆటో' అని పెడితే 2 అక్షరాల వరకు తప్పు ఒప్పుకోదు, 3 నుంచి 5 అక్షరాల మాటలో 1 తప్పు, అంతకు మించితే 2 తప్పులు ఒప్పుకుంటుంది. ఇంగ్లీషుకి ఇది బాగానే నడుస్తుంది.

తెలుగు లిపిలో మాత్రం అది లెక్కపెట్టేది మనం అనుకునే అక్షరాలు కాదు, యూనికోడ్ గుర్తులు. గుణింతం ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు, సున్నా ఒక గుర్తు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి 6. అందువల్ల చిన్న మాటలు కూడా పొడుగు మాటలుగా కనిపించి ఎక్కువ సడలింపు దొరుకుతుంది. 'బెల్లం' 6 గుర్తులు, అంటే 2 తప్పులు ఓకే, ఆ రెండూ మారిస్తే 'అల్లం' వచ్చేస్తుంది. 'పాలు' 4 గుర్తులు, ఒక్కటి మారితే 'పూలు'. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినా ఇబ్బందే, చెక్కలు 8 అక్షరాలు, రెండు మారిస్తే చక్రాలు. రెండూ మీ దగ్గర అమ్మకానికి ఉన్న పిండివంటలే!

నేనైతే ఇలా పెడతాను: ముందు తప్పులు ఒప్పుకోకుండా వెతకాలి, ఫలితాలు వస్తే అక్కడితో ఆగాలి. ఏమీ రాకపోతేనే ఒక తప్పు వరకు సడలించాలి. మొదటి అక్షరం మాత్రం కచ్చితంగా కలవాలి. తెలుగు లిపికి రెండు తప్పుల సడలింపు అసలు వద్దు. సడలించి చూపించినప్పుడు 'మీరు వెతికినది ఇదేనా?' అని పైన రాయండి, తెలియనట్టు చూపించేయకండి.

ఏ సాఫ్ట్‌వేర్?

దీని మీద జనం అవసరమైనదానికన్నా ఎక్కువ తల బద్దలు కొట్టుకుంటారు. వూకామర్స్ (వర్డ్‌ప్రెస్ సైట్‌ని షాపుగా మార్చే ప్లగిన్) షాపైతే వర్డ్‌ప్రెస్ మామూలు సెర్చ్ టైటిల్, వివరణల్లో మాట ఉందా లేదా అని చూస్తుందంతే, తప్పులు సర్దడం గానీ పర్యాయపదాలు గానీ ఉండవు, కాబట్టి ప్లగిన్ తప్పదు. షాపిఫైలో సెర్చ్ అండ్ డిస్కవరీ అనే ఉచిత యాప్ ఉంది, పర్యాయపదాలు, ఫిల్టర్లు అక్కడే పెట్టుకోవచ్చు. సొంతంగా కట్టించుకుంటే మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్ అనే సెర్చ్ ఇంజిన్లు తేలిగ్గా మొదలవుతాయి. ఎలాస్టిక్‌సెర్చ్‌కి శక్తి ఎక్కువ, దాన్ని చూసుకోవడానికి మనిషి కూడా కావాలి. కొన్ని వందల ఐటమ్‌లే ఉండి డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, అందులో మాటల్ని మూడేసి అక్షరాల ముక్కలుగా పోల్చే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు. ఏది తీసుకున్నా పైన చెప్పిన లిస్టులు మీ దగ్గరే ఒక షీటులో ఉంచుకోండి, రేపు సాఫ్ట్‌వేర్ మార్చినా అవి మీతో వస్తాయి.

ఏది పైన రావాలి

దొరకడం సగం పనే, మిగతా సగం వరస. 'ఆవకాయ' అని వెతికితే టైటిల్ మొదట్లో ఆవకాయ ఉన్నది పైన, 'ఇతర పేర్లు'లో ఉన్నది తర్వాత, వివరణలో ఎక్కడో 'ఆవకాయతో తింటే బాగుంటుంది' అని రాసిన కందిపొడి అట్టడుగున. ఫీల్డులకి బరువులు ఇవ్వడమంటే ఇదే. ఇవి సమానంగా ఉన్నప్పుడు మాత్రమే అమ్మకాలు, రేటింగ్ చూడాలి. అమ్మకాలకి మొదటి ప్రాధాన్యం ఇస్తే మీ దగ్గర బాగా పోయే కాకినాడ కాజా ప్రతి సెర్చ్‌లోనూ తలదూర్చుతుంది.

స్టాకు లేనివాటిని దాచేయకండి, కిందికి పంపి 'వచ్చాక చెప్పండి' బటన్ పెట్టండి. ఒకే పచ్చడి పావుకిలో, అరకిలో, కిలో మూడు వేర్వేరు ఐటమ్‌లుగా ఉంటే వాటిని కలిపి ఒక్క కార్డుగా చూపించండి, లేకపోతే ఫోన్ స్క్రీన్ మొత్తం ఒకే సీసా ఫోటోతో నిండిపోతుంది. బరువు వెతికే మాటలోనే వస్తే ('అరకిలో', '500 గ్రాములు', 'హాఫ్ కేజీ' మూడూ ఒకటే) ఆ సైజు ముందే ఎంచి ఉంచాలి.

బాక్సు, సూచనలు, ఫిల్టర్లు

ఫోన్‌లో ఒట్టి భూతద్దం బొమ్మ పెట్టి ఊరుకోకండి, పైన బాక్సు పూర్తిగా కనపడాలి, లోపల 'గోంగూర, కందిపొడి, అరిసెలు...' అని రెండు మూడు నమూనాలు ఉంటే ఇక్కడ తెలుగులో కూడా వెతకొచ్చని అర్థమవుతుంది. బాక్సులో అక్షరాల సైజు 16 పిక్సెల్స్‌కి తగ్గితే ఐఫోన్ సఫారీ నొక్కగానే పేజీని పెద్దది చేసేస్తుంది, ఆ చిరాకు చిన్నది కాదు. ఫలితాలు వచ్చాక కూడా వెతికిన మాట బాక్సులోనే ఉండాలి, సరిదిద్దుకోవడానికి మళ్లీ మొదటి నుంచి టైప్ చేయించకూడదు.

టైప్ చేస్తుంటే కింద సూచనలు చూపిస్తారు కదా, ప్రతి అక్షరానికీ సర్వర్‌ని అడగకుండా చేయి ఆగాక ఒక 200, 300 మిల్లీసెకన్లు చూసి అడగమనండి. తెలుగు కీబోర్డుల్లో మాట పూర్తయ్యేదాకా మధ్యలో సగం రూపాలు మారుతూ ఉంటాయి, ఆ కూర్పు ముగిశాకే సూచనలు మారాలి, లేదంటే బాక్సు కింద జాతర జరుగుతుంది. సూచనలు ఏడెనిమిదికి మించితే ఫోన్ కీబోర్డు వెనకాల దాక్కుంటాయి, పెట్టీ లాభం లేదు.

ఫిల్టర్లు సరుకుని బట్టి మారాలి. పచ్చళ్లకి వెల్లుల్లి, కారం, బరువు. పప్పులకి పాలిష్ ఉందా లేదా. చీరల షాపైతే గద్వాల, ఉప్పాడ, మంగళగిరి, పోచంపల్లి, ఇంకా రంగు, ధర. ప్రతి ఆప్షన్ పక్కనా ఎన్ని ఐటమ్‌లు ఉన్నాయో అంకె చూపించండి, సున్నా ఉన్నదాన్ని చూపించకండి.

ఏమీ దొరకనప్పుడు

ఖాళీ పేజీ పెట్టొద్దు. వెతికిన మాటలన్నీ కలిసి ఎక్కడా లేకపోతే ఒక్కొక్కటి తీసి మళ్లీ వెతకాలి, 'నల్ల కారం ఇడ్లీ పొడి' లేకపోతే ఇడ్లీ పొడులు చూపించి ఆ సంగతి చెప్పాలి. అది కూడా లేకపోతే కేటగిరీలు, వాట్సాప్ నంబరు, 'ఇది కావాలని మాకు చెప్పండి' అనే బటన్. ఆ బటన్ నుంచి వచ్చే లిస్టు చూస్తే రేపు ఏ సరుకు తెప్పించాలో కూడా తెలుస్తుంది.

పరీక్షించడం, తర్వాత నడిపించడం

ఒక షీటు తెరిచి ఎడమవైపు వెతికే మాట, కుడివైపు మొదటి మూడు స్థానాల్లో రావాల్సిన ఐటమ్‌లు రాయండి. ఎక్కువగా వెతికే యాభై వంద మాటలు చాలు, అందులో కావాలనే బెల్లం, పాలు, చెక్కలు, వెల్లుల్లి లేని ఆవకాయ లాంటి తిరకాసులు కలపండి. ఏ సెట్టింగ్ మార్చినా ఈ షీటు మొత్తం మళ్లీ నడిపించాలి, ఎందుకంటే సెర్చ్‌లో ఒకటి సర్దితే ఇంకొకటి చెడుతుంది, అది మీకు తెలిసేది కస్టమర్ ఫోన్ చేసినప్పుడే. ఒకసారి మీ అమ్మగారికో అత్తగారికో ఫోన్ ఇచ్చి 'మీకు కావాల్సింది వెతకండి' అని పక్కన కూర్చోండి, సలహా మాత్రం ఇవ్వకండి. వాళ్లు టైప్ చేసే మాటలు మీ షీటులో ఉండవు, పందెం.

వారానికోసారి చూడాల్సినవి మూడే: సున్నా ఫలితాల వాటా, వెతికి దేన్నీ నొక్కకుండా వెళ్లిపోయినవాళ్లు, వెంటనే మాట మార్చి మళ్లీ వెతికినవాళ్లు. మూడోది అన్నిటికన్నా విలువైనది, వాళ్లు మొదట రాసిన మాటా తర్వాత రాసిన మాటా పక్కపక్కన పెడితే మీ పర్యాయపదాల లిస్టుకి కొత్త వరస దానంతటదే దొరుకుతుంది.

ఏఐ సెర్చ్ పెట్టమంటారా అని అడుగుతారు. 'షుగర్ ఉన్నవాళ్లకి స్నాక్స్', 'పిల్లల లంచ్ బాక్సుకి పొడి' లాంటి ప్రశ్నలకి అర్థాన్ని బట్టి వెతికే పద్ధతి నిజంగా పనికొస్తుంది. కానీ దానికి చెక్కలూ చక్రాలూ రెండూ 'కరకరలాడే పిండివంటలు', దగ్గర దగ్గరే. అందుకని మాట కలిసిన ఫలితాలు పైన, అర్థం కలిసినవి కింద అన్నట్టు రెండూ కలిపి వాడండి, అది కూడా పై లిస్టులన్నీ అయ్యాకే.

పండగలకి కొన్ని ఐటమ్‌లని చేత్తో పైకి తెస్తాం కదా, సంక్రాంతికి అరిసెలు, ఏప్రిల్ మే నెలల్లో కొత్త ఆవకాయ. అలా పిన్ చేసిన ప్రతిదానికీ ముగింపు తేదీ వేయండి, లేకపోతే శ్రావణ మాసంలో కూడా 'స్వీట్లు' అని వెతికినవాళ్లకి స్టాకు లేని సంక్రాంతి కాంబోయే మొదట కనిపిస్తుంటుంది.